సోమవారం సంతకం: బెయిల్ షరతుల మధ్య నలిగే పిలకాయలు

పోలీసు స్టేషన్లో రాతపని చూసే రైటర్ బల్ల మీద గీతలు కొట్టిన పొడుగాటి పుస్తకం ఒకటి ఉంటుంది. పేరు, క్రైమ్ నంబరు, తేదీ, సంతకం. కండిషన్ బెయిల్ మీద బయటికొచ్చిన కుర్రాడు వచ్చి తన పేరుకు ఎదురుగా సంతకం పెట్టి వెళ్లిపోతాడు. రైటర్ సీట్లో ఉంటే అర నిమిషం పని. బందోబస్తుకు పోయి ఉంటే మధ్యాహ్నం దాటేదాకా వేపచెట్టు కింద పడిగాపులు. ఆ అర నిమిషం కోసం వారంలో ఎన్ని గంటలు పోతున్నాయో ఆ పుస్తకంలో రాసుండదు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పల్లెలో ఒక కుర్రాడున్నాడనుకుందాం. ఇరవై ఒకటో ఏడు. బెంగళూరులో టైల్స్ పని. తిరునాళ్లకని ఊరొచ్చాడు. రాత్రి రెండు వర్గాల మధ్య మాటామాటా పెరిగి ఇద్దరి తలలు పగిలాయి. కేసులో పదకొండు పేర్లు రాశారు, మనవాడు ఏ7, అంటే ఏడో ముద్దాయి. పన్నెండు రోజులు రిమాండులో ఉన్నాక బెయిల్ వచ్చింది. ఉత్తర్వులో షరతులు నాలుగు. పదివేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. ఛార్జిషీటు పడేదాకా ప్రతి సోమవారం పది నుంచి ఐదు లోపు స్టేషన్లో సంతకం. కోర్టు అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు. సాక్షుల జోలికి పోకూడదు.

విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ అన్యాయంగా కనిపించదు. నాలుగూ కలిపి ఆ కుర్రాడి క్యాలెండరు మీద పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. సంతకం మాట ఒక్కటే చెవికెక్కించుకుని వాడు మళ్లీ బెంగళూరు పోతాడు. ఆదివారం రాత్రి బస్సెక్కి, సోమవారం సంతకం పెట్టి, ఆ రాత్రికి తిరుగు బస్సు పట్టుకుంటాడు. రోజుకు తొమ్మిది వందల కూలి అనుకుంటే, సోమవారం ఎటూ పోతుంది. మంగళవారం పొద్దున నిద్ర కళ్లతో వచ్చినవాణ్ణి మేస్త్రీ సగం రోజులు పనికి తీసుకోడు. నెలకు ఆరు రోజుల కూలి, ఎనిమిది బస్సు టికెట్లు. రెండో నెలకల్లా మేస్త్రీ ఇంకొకణ్ణి చూసుకుంటాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అసలు బెంగళూరు పోవడమే మూడో షరతుకు విరుద్ధం. ఆ సంగతి వాడికి తెలియకపోయినా అవతలి వర్గానికి తెలుస్తుంది. వాళ్లు వెళ్లి స్టేషన్లో చెబితే బెయిల్ రద్దు చేయమని పిటిషన్ పడుతుంది. సంతకం ఒక్కటి కూడా తప్పకుండా పెడుతున్న కుర్రాడే షరతు తప్పినవాడుగా కోర్టులో నిలబడతాడు.

బెయిల్ షరతులు కుర్రాళ్లకు చేసే కీడు ఎక్కడుందో ఇక్కడ కనిపిస్తుంది. నేరం రుజువు కాలేదు, విచారణే మొదలు కాలేదు. కానీ పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య మనిషికి ఉండే ఆస్తి రెండే రెండు: కాలం, కదలిక. ఇద్దరు బిడ్డల తండ్రి అయిన రైతుకు ఊళ్లో పొలం ఉంటుంది, ఊరు దాటకపోయినా నాలుగు గింజలు పండించుకుంటాడు. గిద్దలూరు, కనిగిరి, ఉదయగిరి, వింజమూరు వైపు మెట్టల్లో వాన మీదే సేద్యం. అక్కడి కుర్రాడికి బతుకంటే బెంగళూరు, హైదరాబాద్, చెన్నై. జిల్లా దాటొద్దంటే పని మానుకోమన్నట్టే. ఉత్తర్వు రాసిన చేతికి ఆ ఉద్దేశం లేదు. అయినా జరిగేది మాత్రం అదే.

చట్టం ఏం కోరుతోందో చూద్దాం. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అయిన సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. బెయిల్‌కు షరతులు పెట్టే అధికారం అందులో 480వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఇస్తుంది. ముద్దాయి విచారణకు హాజరు కావాలి, అలాంటి నేరం మళ్లీ చేయకూడదు, సాక్షులను బెదిరించడం, ప్రలోభపెట్టడం, సాక్ష్యాలు చెరపడం చేయకూడదు. షరతుల ప్రయోజనం ఈ మూడే. వీటికి తోడు న్యాయం కోసం అవసరమనుకున్న ఇతర షరతులు కూడా పెట్టవచ్చని ఒక మాట ఉంది. చిక్కులన్నీ ఆ మాట వెంటే వస్తాయి. పూచీకత్తు మొత్తం మితిమీరకూడదని 484వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం హైకోర్టుకూ సెషన్స్ కోర్టుకూ ఉంది.

ఆ ఇతర షరతులకు సుప్రీంకోర్టు పలుమార్లు కళ్లెం వేసింది. 2020లో తమిళనాడు నుంచి వచ్చిన శరవణన్ కేసులో, గడువులోగా ఛార్జిషీటు వేయనందుకు హక్కుగా దక్కే బెయిల్‌కు డబ్బు డిపాజిట్ షరతు పెట్టడం కుదరదంది. అదే ఉత్తర్వులో రోజూ ఉదయం పదికి స్టేషన్లో హాజరు కావాలన్న షరతును కూడా మార్చి, పిలిచినప్పుడు వెళ్లి దర్యాప్తుకు సహకరిస్తే చాలంది. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో, ముద్దాయి ఎప్పుడెక్కడున్నాడో పోలీసులు చూస్తుండేలా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టమనే షరతు చెల్లదని తేల్చింది. షరతు కేసుకు తగ్గట్టుండాలి, మనిషి బతుకులో అనుక్షణం తొంగిచూసేది కాకూడదు. ఈ తీర్పుల సారం ఇదే. శరవణన్‌ది గడువు దాటాక వచ్చిన బెయిల్ గనుక ఆ తీర్పు అన్ని కేసులకూ అలాగే వర్తించదనే వాదన ఉంది. అయినా రోజూ సంతకం దేనికి అన్న ప్రశ్న ఏ కేసులోనైనా వేయదగ్గదే.

చట్టంలో ఒక ఖాళీ ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం వేరే దారి వేసింది. దాని 12వ సెక్షన్ ప్రకారం నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా, జామీను ఉన్నా లేకున్నా, కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లవాణ్ణి బయటికి పంపాల్సిందే. శిక్ష వేసే దశలో ఇరవై ఒకటి నిండనివాళ్లను కూడా చట్టం వేరుగా చూస్తుంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 6వ సెక్షన్ వాళ్లను వీలైనంత వరకు జైలుకు పంపొద్దంటుంది. ఈ రెండింటి మధ్య, బెయిల్ దశలో మాత్రం పద్దెనిమిదేళ్ల ఒకరోజు వాడూ నలభై ఐదేళ్ల వాడూ ఒకటే. నేరం రుజువయ్యాక వయసు చూసి జాలి చూపే చట్టం, రుజువు కాకముందు వయసు సంగతే ఎత్తదు. ఈ ఖాళీని పూడ్చగలిగింది షరతులు రాసే న్యాయాధికారి విచక్షణే. ఆ విచక్షణ వాడాలంటే ముందు ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడో, ఎక్కడ బతుకుతున్నాడో కోర్టుకు ఎవరో ఒకరు చెప్పాలి. చాలా బెయిల్ పిటిషన్లలో ఆ ముక్క ఉండదు. ముద్దాయి అమాయకుడు, తప్పుడు కేసులో ఇరికించారు, కోర్టు వారు పెట్టే ఏ షరతుకైనా కట్టుబడి ఉంటాడు. ఇంతే. ఆ చివరి మాటే మెడకు చుట్టుకుంటుంది.

జామీను దగ్గరికి వద్దాం. బెయిల్ ఇచ్చారని తెలిసిన సాయంత్రం ఇంట్లో దీపం వెలిగించినంత సంబరం. మర్నాడు పొద్దున కోర్టు వరండాలో ప్లీడరు గుమాస్తా కావలసిన కాగితాల చిట్టా చెబుతాడు. జామీనుదారులు ఇద్దరు. ఇంటి పన్ను రసీదు, ఇంటి విలువకు పంచాయతీ ఇచ్చే పత్రం, లేదా పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, ఫొటోలు. ఇంకెవరికైనా జామీను ఉన్నదీ లేనిదీ డిక్లరేషన్ కూడా ఇవ్వాలి, అది 486వ సెక్షన్ అడిగేదే. ప్రభుత్వ ఉద్యోగి జీతం సర్టిఫికెట్ తెస్తే పని తేలిక. కాలనీలో పక్కా ఇల్లున్నా అది అమ్మ పేరు మీదో, చనిపోయిన తాత పేరు మీదో ఉంటుంది. పొలం ఉంటే ఉమ్మడిది. కన్న తండ్రి జామీను నిలబడదామన్నా కాగితం కుదరదు.

అప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? ఏ పెద్దరైతు పొలంలో నాట్లు వేస్తున్నారో, ఏ రొయ్యల చెరువు యజమాని దగ్గర కాపలా ఉంటున్నారో, ఆయన ఇంటి ముందుకే. ఆయన మంచివాడై సంతకం పెట్టినా ఆ మేలు ఊరికే పోదు. కుర్రాడు వాయిదా తప్పితే బాండు సొమ్ము ఆయన దగ్గర వసూలు చేసే అధికారం కోర్టుకు ఉంది, అది 491వ సెక్షన్. కనుక కుర్రాడు ఎక్కడికి పోతున్నాడో ఆయనా ఓ కన్నేసి ఉంచుతాడు. కూలి పెంచమని అడగడానికి నోరు రాదు. వాడి అమ్మ పని మానేసి పోతానంటే 'నీ బిడ్డ జామీను నా మీదుందమ్మా' అన్న ఒక్క మాట చాలు. కోర్టు ఒక షరతు పెట్టింది, ఊరు దాని మీద ఇంకోటి పెట్టింది. ఈ రెండో షరతు ఏ ఉత్తర్వులోనూ కనిపించదు, దాన్ని సడలించమని పిటిషన్ వేయడానికి ఏ కోర్టూ లేదు. ఎవరూ దొరకని వాళ్లు డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్ల చేతిలో పడతారు. ఆ కాగితాలు దొంగవని తేలితే మీద ఇంకో కేసు.

1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తప్పుపట్టింది ఈ పద్ధతినే. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగి, జామీనుకు వచ్చిన అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చాడు. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. జామీనుదారు పక్క జిల్లావాడైతే పనికిరాడనడం తగదని, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమని ఆ బెంచి ఆదేశించింది. దాదాపు యాభై ఏళ్లు కావస్తోంది. 'లోకల్ జామీను కావాలి' అన్న మాట ఇప్పటికీ కోర్టు వరండాల్లో వినిపిస్తూనే ఉంది.

ఆ లోకల్ అన్న మాట ఎంత నిలకడ లేనిదో నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశంలోంచి నెల్లూరులోకి పోయింది. చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లలోకి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలోకి పోయాయి. అంతకుముందు రోజు వరకు సొంత జిల్లావాడైన మేనమామ తెల్లారేసరికి పరాయి జిల్లావాడయ్యాడు. ఆయన ఇల్లూ కదల్లేదు, పొలమూ కదల్లేదు, మేనల్లుడి మీద ఉన్న ప్రేమా తగ్గలేదు. జిల్లా దాటకూడదన్న షరతు కూడా అంతే. సింగరాయకొండ వాడు కందుకూరు సంతకు పోవాలన్నా జిల్లా దాటాల్సి వచ్చింది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు బెయిల్ వచ్చినా జైల్లోనే మగ్గేవాళ్ల గురించి కొన్ని ఆదేశాలిచ్చింది. వీటిని ఊరూరా చాటింపు వేయించినా తప్పులేదు. ఉత్తర్వు కాపీని అదే రోజు గానీ మర్నాడు గానీ ఈమెయిల్లో జైలు సూపరింటెండెంటుకు పంపాలి. ఏడు రోజుల్లో ముద్దాయి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే ఎవరూ అడగకపోయినా కోర్టే షరతు తగ్గించే విషయం చూడవచ్చు. విడుదల ఆలస్యం కావడానికి లోకల్ జామీను పట్టుదల ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకుండా ఉండడం మంచిదని కూడా అందులోనే ఉంది. నెల్లూరు దగ్గరి చెముడుగుంట కేంద్ర కారాగారంలోనో ఒంగోలు జిల్లా జైల్లోనో ఉన్న కుర్రాడి తల్లిదండ్రులు ఏడో రోజు దాటాక అడగాల్సింది ఈ ఒక్కటే: న్యాయ సేవాధికార సంస్థకు తెలిపారా లేదా? నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ ఉంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. జామీను మొత్తం కట్టలేని పేద ఖైదీలకు 2023లో కేంద్రం తెచ్చిన పథకం 40,000 రూపాయల వరకు సాయం చేసేలా మొదలైంది. గంజాయి కేసులకు, అంటే మాదకద్రవ్యాల చట్టమైన ఎన్‌డీపీఎస్ కింద ఉన్నవాటికి, అది వర్తించదు.

తీరం వైపు పోతే కథ వేరు. కొత్తపట్నం, జువ్వలదిన్నె, ఇసకపల్లి పిలకాయలు సముద్రం మీద బతికేవాళ్లు. మరబోటు వేటకు పోతే అదే రోజు తిరిగి రావడం ఉండదు, చేపను బట్టి, గాలిని బట్టి ఎన్నో రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంది. మిగిలిన నెలల్లో సంపాదించిందే ఏడాదికి దిక్కు. వారానికోసారి ఫలానా రోజే సంతకం అంటే బోటు వీడి కోసం ఆగదు. బోటు యజమాని కేసున్న కుర్రాణ్ణి ఎక్కించుకోవడానికి జంకుతాడు. అదే షరతును నెలకు రెండుసార్లు, ఏ రోజైనా సరే అని రాస్తే ఆ కుర్రాడు వేటా మానడు, స్టేషనూ మానడు. పారిపోతాడేమో అన్న భయానికి రెండూ ఒకే జవాబు ఇస్తాయి. కూటికి మాత్రం ఒకటే అడ్డం వస్తుంది.

చదువుకునే పిల్లలకు సోమవారమే ఎందుకు ఇస్తారో అర్థం కాదు. ఆదివారం అని రాయడానికి ఇంకు ఎక్కువేం కాదు. పాలిటెక్నిక్‌లోనో డిగ్రీలోనో ఉన్నవాడికి వారానికో రోజు గైర్హాజరు అంటే హాజరు శాతం పడిపోతుంది, ఇక హాల్ టికెట్ దగ్గర తిప్పలు. వాడు ఎందుకు రావడం లేదో తరగతిలో అందరికీ తెలిసిపోవడం ఇంకో శిక్ష.

ఊళ్లోకి అడుగు పెట్టకూడదన్న షరతుకు మాత్రం తూకం వేరు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కొట్లాటలో దెబ్బలు తిన్నవాడు, వెంటపడి వేధించాడని కేసు పెట్టిన అమ్మాయి, దాడికి గురైన దళిత కుటుంబం అదే వీధిలో బతకాలి. నిందితుడు మర్నాడే ఇంటి ముందు బైకు హారన్ కొట్టుకుంటూ తిరిగితే సాక్ష్యం చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఏ సెక్షన్ బెయిల్ విషయంలో బాధితులకు తమ మాట వినిపించే హక్కు కల్పించింది కూడా ఇందుకే. అలాంటి కేసుల్లో దూరం పెట్టడం న్యాయమే. అయితే ఎంత దూరం, ఎన్నాళ్లు అన్నది రాయాలి. సాక్షి ఉన్న వీధికి రావద్దనడానికీ, మండలం మొత్తం వదిలి పొమ్మనడానికీ తేడా ఉంది. మొదటిది సాక్షిని కాపాడుతుంది. రెండోది కుర్రాణ్ణి అమ్మమ్మ ఊళ్లోనో, పనీపాటా లేని స్నేహితుల గదిలోనో పడేస్తుంది. ఇద్దరూ మేజరయ్యే వయసు అంచున ఉండి ఇల్లు విడిచిపోయిన ప్రేమ కేసుల్లో పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద అరెస్టయిన పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ల సంగతి మరీ సున్నితం. అక్కడ ఆ అమ్మాయిని కలవకూడదన్న షరతు అవసరమే. ఊరి మీద, తల్లిదండ్రుల ఇంటి మీద నిషేధం ఎందుకో మాత్రం కోర్టు కాస్త ఆలోచించాలి.

ఇంకో సంగతి ఉంది. ఉత్తర్వు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. కుర్రాడు దాన్ని చదవడు. గుమాస్తా చెప్పిందో, తోటి ముద్దాయి చెప్పిందో వాడి చెవిలో మిగులుతుంది. ఛార్జిషీటు పడేదాకా సంతకం అని ఉన్నా, ఛార్జిషీటు ఎప్పుడు పడిందో వాడికెవరూ చెప్పరు. కొందరు అది పడ్డాక కూడా నెలల తరబడి సంతకాలకు తిరుగుతారు. ఇంకొందరు ఎవరో చెబితే మానేస్తారు, తీరా చూస్తే అది పడి ఉండదు. స్టేషన్ సంతకం ఆగిపోయింది గదా, ఇక కేసు అయిపోయినట్టే అనుకుని పనికి పోయేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. కోర్టు వాయిదా వేరు, స్టేషన్ సంతకం వేరు. సమన్లు పాత చిరునామాకు పోతాయి, వాయిదా తప్పుతుంది, నాన్ బెయిలబుల్ వారెంటు పుడుతుంది. సంక్రాంతికి ఊరొచ్చిన రోజు పట్టుకుపోతారు. బెయిల్ మీద ఉండి కోర్టుకు రాకపోవడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద విడి నేరం, ఏడాది వరకు జైలు. పారిపోవాలని పోయినవాడు కాదు, తెలియక పోయినవాడు. కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకటే.

దీనికి ఖర్చులేని మందు ఉంది. షరతులను తెలుగులో ఒక్క పేజీలో రాసి, చదివి వినిపించి, కుర్రాడి చేతికీ ఒకటి, జామీనుదారు చేతికీ ఒకటి ఇవ్వడం. కేసు నంబరు పడ్డాక ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకుంటే తర్వాతి వాయిదా ఎప్పుడో తెలుస్తుంది. ఎఫ్ఐఆర్ కాస్తా కోర్టు ఇచ్చే సీసీ (క్యాలెండర్ కేసు) నంబరుగానో మరో కేసు నంబరుగానో మారిందంటే ఛార్జిషీటు కోర్టుకెక్కిందన్నమాట. రోజుకు నాలుగు గంటలు ఫోన్లో గడిపే వయసు వాళ్లది. చెప్పేవాళ్లు ఉంటే రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు.

వాయిదాల విసుగు ఇంకో తప్పుదారి పట్టిస్తుంది, దాని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. పేకాట, చిన్న కొట్లాట, మద్యం సీసాల లాంటి చిన్న కేసుల్లో 'ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది, తిరగలేక చస్తావు' అని సలహా ఇస్తారు. ఇరవై ఏళ్లవాడికి ఆ మాట అమృతంలా ఉంటుంది. వెయ్యో రెండు వేలో కట్టి ఆ సాయంత్రమే పనికి పోతాడు. మూడేళ్ల తర్వాత కానిస్టేబుల్ పరీక్ష పాసయ్యి, పరుగు పాసయ్యి, అటెస్టేషన్ ఫారంలో 'ఎప్పుడైనా శిక్ష పడిందా' అన్న గడి దగ్గర ఆగిపోతాడు. ఫైనూ శిక్షే. కేసు దాస్తే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. దాచిన సంగతిని, కేసు తీవ్రతను ఎలా తూచాలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చిన్న వయసులో చేసిన చిన్న తప్పును యజమాని క్షమించవచ్చని కూడా అంది. క్షమించాలా వద్దా అన్నది మాత్రం యజమాని చేతిలోనే ఉంది. నిజంగా తప్పు చేయనివాడు కూడా షరతుల బరువుకు తట్టుకోలేక నేరం ఒప్పుకుంటున్నాడంటే, బెయిల్ అనేది విచారణకు తలుపు తెరవాల్సింది పోయి విచారణనే మింగేసినట్టు.

పాస్‌పోర్టు గురించి క్లుప్తంగా. కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు రాదని చాలామంది ఆశ వదులుకుంటారు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇస్తారు. కోర్టు కాలం చెప్పకపోతే ఏడాదికి. కువైట్ వీసా చేతికొచ్చిన కుర్రాడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే ఏజెంటుకు కట్టిన డబ్బు మునగకుండా చూసుకోవచ్చు.

షరతు మార్చమని అడగడం కోర్టు ధిక్కారం కాదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే అడిగితే ఉన్న బెయిలే పోతుందేమో అన్న భయం ఇళ్లలో ఉంది. షరతు పెట్టిన కోర్టు దాన్ని సడలించగలదు. మేజిస్ట్రేటు పెట్టింది మేజిస్ట్రేటు దగ్గర గానీ పై కోర్టులో గానీ, సెషన్స్ కోర్టు పెట్టింది అక్కడే. హైకోర్టు పెట్టిందైతే అమరావతి దాకా పోవాలి, వకీలు ఫీజు వేరే. అందుకే ఈ పని తర్వాత కాదు, బెయిల్ పిటిషన్ వేసిన రోజే జరగాలి. కుర్రాడు ఫలానా చోట పని చేస్తున్నాడు, ఫలానా కాలేజీలో చదువుతున్నాడు, ఇదిగో మేస్త్రీ రాసిచ్చిన కాగితం, ఇదిగో ఐడీ కార్డు అని పిటిషన్లో ఒక పేరా ఉంటే రాసే చేయి రాసే తీరే మారుతుంది. అసలు ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న చాలా కేసుల్లో అరెస్టే అవసరం లేదు. నోటీసు ఇచ్చి పిలవవచ్చని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్ మూడో ఉపవిభాగం కూడా అదే చెబుతోంది. నోటీసుతో పోయే కేసులో జామీనూ ఉండదు, సోమవారమూ ఉండదు.

పోలీసుల వైపు నుంచీ ఒక మాట వినిపిస్తుంది. సంతకం పెట్టించకపోతే కుర్రాడు మాయమవుతాడు, ఛార్జిషీటు నాటికి ఏ రాష్ట్రంలో వెతకాలి? ఆ ఇబ్బంది నిజమే. కానీ బెంగళూరులో వాడు ఉండే గది చిరునామా, మేస్త్రీ ఫోన్ నంబరు కోర్టులో రాయించుకుంటే, చిరునామా మారినప్పుడల్లా తెలపాలని షరతు పెడితే, వారం వారం ఊళ్లో తల చూపించడం కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. ఊళ్లో పెట్టిన సంతకం వాడు సోమవారం ఎక్కడున్నాడో చెబుతుంది గానీ, మంగళవారం ఎక్కడికి పోయాడో చెప్పదు.

ఆ టైల్స్ పని కుర్రాడి ఉత్తర్వును తిరిగి రాయాలంటే కొత్త చట్టం అక్కర్లేదు. పదివేలకు సొంత పూచీకత్తు, ఒక జామీనుదారు, ఏ జిల్లావాడైనా సరే. బెంగళూరులో ఉండే చిరునామా, ఫోన్ నంబరు కోర్టుకు ఇవ్వాలి, మారితే వారంలో తెలపాలి. పనికోసం కర్ణాటక వెళ్లవచ్చు. గాయపడిన ఇద్దరి ఇళ్లున్న వీధిలోకి రాకూడదు. నెలలో ఏదైనా ఒక ఆదివారం స్టేషన్లో సంతకం, ఛార్జిషీటు పడే రోజు వరకు గానీ మూడు నెలల వరకు గానీ, ఏది ముందైతే అది.